ఉద్దానంలో కోవిడ్ అనంతర నీరసం : తొలి పరీక్ష మూత్రపిండాలకే
దీర్ఘకాలిక కోవిడ్ లక్షణాల నిర్ధారణ, సహాయంపై ఒక పరిశీలన

మందస (శ్రీకాకుళం జిల్లా) : కోవిడ్-19 నుంచి కోలుకున్న తరువాత కూడా నెలల తరబడి తగ్గని అలసట, ఆయాసం, నిద్రలేమి, జ్ఞాపకశక్తి మందగించడం వంటి లక్షణాలను వైద్యరంగం దీర్ఘకాలిక కోవిడ్ లేదా లాంగ్ కోవిడ్ అని వ్యవహరిస్తున్నది. ఈ లక్షణాలతో ఆరోగ్య కేంద్రానికి వచ్చిన వ్యక్తికి ఏ పరీక్షలు, ఏ వరుసలో చేయాలి, అటుపిమ్మట ఏ సహాయం అందించాలి అన్నది అన్ని ప్రాంతాలకూ ఒకే విధంగా వర్తించే విషయం కాదు. మందస, పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలతో కూడిన ఉద్దానం ప్రాంతంలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఇదే అలసట, ఇదే ఆయాసం, ఇదే ఆకలి మందగించడం ఇక్కడ సుమారు మూడు దశాబ్దాలుగా మరొక వ్యాధికి సూచనలుగా గుర్తింపు పొందినవి. ఆ వ్యాధి దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి.

రెండు వ్యాధుల లక్షణాలు ఒకే మనిషిలో ఒకే విధంగా బయటపడినప్పుడు ఒకదానిని మరొకటిగా పొరబడే అవకాశం ఎక్కువ. కోవిడ్ వచ్చి తగ్గిన వ్యక్తి నీరసంగా ఉన్నదని చెబితే "అది కోవిడ్ నీరసమే, కొన్నాళ్లకు తగ్గుతుంది" అని ఇంటికి పంపిన పక్షంలో మూత్రపిండాల వ్యాధి ఒక దశ నుంచి మరొక దశకు చేరడానికి అవసరమైన కాలం లభించినట్లే. అందుకు విరుద్ధంగా, క్రియాటినిన్ సాధారణంగా ఉన్నదన్న కారణంతో "నీకు జబ్బు ఏమీ లేదు" అని పంపివేస్తే, పనికి వెళ్లలేని ఆ వ్యక్తి బాధ ఏ రికార్డుకూ ఎక్కదు. ఈ రెండు పొరపాట్లలో మొదటిది ప్రాణానికి సంబంధించినది, రెండవది జీవనాధారానికి సంబంధించినది.

డిశ్చార్జి తరువాతి కాలం

2020 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రతిరోజూ విడుదల చేసిన కోవిడ్ బులెటిన్లలో పరీక్షించిన నమూనాలు, సోకినవారు, డిశ్చార్జి అయినవారు, మరణించినవారు, చికిత్స పొందుతున్నవారు అనే అంకెలు ఉండేవి. డిశ్చార్జి అయినవారి గడిలోకి చేరిన వ్యక్తి కథ అక్కడితో ముగిసినట్లే పాఠకుడు భావించేవాడు. అంటువ్యాధి ఉధృతంగా ఉన్న రోజులలో పడకల లెక్క, ఆక్సిజన్ లెక్క చూసుకోవలసిన యంత్రాంగానికి అంతకు మించిన వివరాలు సేకరించే వ్యవధి లేకపోవడం సహజమే. అయితే రాష్ట్రంలో నమోదైన మొత్తం కేసులు 23 లక్షలు దాటినందున, ఆ గడిలో చేరినవారి తదుపరి ఆరోగ్యం చిన్న విషయం కాదు.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని 31 ఆసుపత్రుల సమాచార వ్యవస్థ ఆధారంగా 2023లో వెలువడిన అధ్యయనం ఈ విషయంలో కొంత స్పష్టత ఇచ్చింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఇంటికి వెళ్లిన 14,419 మందిని ఏడాదిపాటు ఫోన్ ద్వారా పరిశీలించగా 6.5 శాతం మంది ఆ ఏడాదిలోనే మరణించినట్లు తేలింది. అంతకుముందే ఇతర దీర్ఘవ్యాధులు ఉన్నవారిలో, వ్యాధి తీవ్రంగా సోకినవారిలో, వయోధికులలో ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించింది. కోవిడ్ సోకడానికి ముందే టీకా తీసుకున్నవారికి రక్షణ లభించినట్లు కూడా ఆ అధ్యయనం పేర్కొన్నది. ఇది ఆసుపత్రిలో చేరినవారికి సంబంధించిన లెక్క మాత్రమే గనుక ఇంటివద్దనే కోలుకున్నవారికి దీనిని అన్వయించరాదు.

అదేవిధంగా, కోవిడ్ సోకిన ప్రతి వంద మందిలో సుమారు ఆరుగురికి దీర్ఘకాలిక లక్షణాలు ఏర్పడుతున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఈ నిష్పత్తిని జిల్లా కేసుల సంఖ్యతో గుణించి "ఇంతమంది బాధితులు" అని ప్రకటించడం సులభమే గాని సరైనది కాదు. ఆ నిష్పత్తి వివిధ దేశాల సమాచారం నుంచి వచ్చినది. వైరస్ రకాన్ని బట్టి, టీకాను బట్టి మారేది. పైగా మన గ్రామాలలో పరీక్ష చేయించుకోకుండానే జ్వరం తగ్గించుకున్నవారు ఎందరో ఉన్నారు. ఉద్దానంలో అసలు సంఖ్య ఇంటింటి పరిశీలన ద్వారా మాత్రమే తేలగలదు.

ఉద్దానం నేర్చుకున్నది

కారణం తెలియని వ్యాధిని ఎదుర్కొనడం ఉద్దానానికి కొత్త కాదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో నిండి ఉద్యానవనంగా పేరుపొందిన ఈ తీరప్రాంతంలో మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేకుండానే మూత్రపిండాలు దెబ్బతింటున్న రోగులను 1990వ దశకం నుంచి స్థానిక వైద్యులు గమనిస్తూ వచ్చారు. చాలాకాలం వరకు ఇది ఊళ్లలో చెప్పుకొనే మాటగానే మిగిలింది. పెద్ద ఎత్తున రక్తపరీక్షలు జరిగిన తరువాతనే ఆ మాట అంకెగా మారింది.

2017లో రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన సామూహిక పరీక్షలలో లక్ష మందికి పైగా ప్రజల రక్తనమూనాలను పరిశీలించడం జరిగింది. అనంతరం ఆంధ్ర వైద్య పరిశోధకులు 2,210 మందిపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 18 శాతానికి పైగా ప్రజలకు దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు, వారిలో అధికులకు కారణం అంతుచిక్కనట్లు వెల్లడైంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2,419 మందిపై జరిపి 2020లో ప్రచురించిన మరొక అధ్యయనం కూడా దాదాపు ఇదే విషయాన్ని, అంటే పెద్దలలో సుమారు ఐదవ వంతు మందికి ఈ వ్యాధి ఉన్నదని ధ్రువీకరించింది. తాగునీరు, ఎండలో శ్రమ, నీటి కొరత వల్ల శరీరం ఎండిపోవడం, నొప్పి మాత్రలు, పురుగుమందులు, నేలలోని సిలికా వంటి అనేక అంశాలపై అనుమానాలు వ్యక్తమైనవి. ఏ ఒక్కటీ ఏకైక కారణంగా నిరూపితం కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల కార్మికులలో కనిపించిన ఇటువంటి వ్యాధుల విషయంలోనూ చర్చ కొనసాగుతున్నది.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. కారణం తేలేవరకు సహాయం ఆగలేదు. డయాలసిస్ చేయించుకుంటున్నవారికి పింఛను మంజూరైంది. అది 2019లో నెలకు 10,000 రూపాయలకు పెరిగింది. డయాలసిస్ దశకు చేరని తీవ్ర రోగులకు కూడా తరువాత పింఛను వర్తింపజేసి, 2024 జూలై నుంచి ఆ మొత్తాన్ని 10,000 రూపాయలు చేయడం జరిగింది. హిరమండలం జలాశయం నుంచి ఏడు మండలాలలోని 807 గ్రామాలకు శుద్ధిచేసిన నీరు అందించే నిమిత్తం 700 కోట్ల రూపాయల పథకం చేపట్టబడింది. 2019 సెప్టెంబరు 6న శంకుస్థాపన జరిగిన మూత్రపిండ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. ఒకప్పుడు విశాఖపట్నం గాని, సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం గాని వెళ్లవలసిన రోగికి సోంపేట, పలాస, కవిటి, మందస మండలంలోని హరిపురం వంటి చోట్ల డయాలసిస్ అందుబాటులోకి వచ్చింది.

ఈ సహాయమంతటికీ ఆధారం ఒక కొలత. సీరం క్రియాటినిన్ ఇంత ఉంటే ఈ దశ, ఇంత దాటితే ఈ పింఛను అని కాగితంపై రాయగలిగినందువల్లనే అది సాధ్యమైంది. లాంగ్ కోవిడ్‌కు అటువంటి ఒక్క కొలత లేదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

మూడు నెలల గడువు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరు 6న ప్రకటించిన నిర్వచనం ప్రకారం, కోవిడ్ సోకినట్లు నిర్ధారణ అయిన లేదా సోకి ఉండవచ్చునని భావించదగిన వ్యక్తికి సాధారణంగా మూడు నెలల తరువాత కూడా లక్షణాలు ఉండి, అవి కనీసం రెండు నెలలు కొనసాగి, వాటికి మరొక వ్యాధి కారణంగా కనిపించనప్పుడు దానిని కోవిడ్ అనంతర స్థితిగా పరిగణించాలి. వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణలో దీనికి యు 09.9 అనే సంకేతం కూడా కేటాయించబడింది.

ఈ నిర్వచనంలోని రెండు అంశాలు ఉద్దానానికి ముఖ్యమైనవి. మొదటిది, పాజిటివ్ నివేదిక తప్పనిసరి కాదు. చెన్నై, హైదరాబాదు, గుజరాత్ తీరం వంటి చోట్ల వలస పనిలో ఉండగా జ్వరం వచ్చి, అక్కడనే తగ్గించుకుని స్వగ్రామం చేరినవారి వద్ద ఆనాటి నివేదిక ఉండే అవకాశం తక్కువ. నివేదిక లేదన్న ఒక్క కారణంతో పరీక్షలు నిరాకరించడానికి ఈ నిర్వచనంలో ఆధారం లేదు. రెండవది, మరొక వ్యాధి కారణం కాదని తేల్చుకోవాలన్న నిబంధన. ఇతర ప్రాంతాలలో ఇది జాబితాలో ఒక వరుస మాత్రమే. ఐదుగురు పెద్దలలో ఒకరికి మూత్రపిండ వ్యాధి ఉన్నచోట అదే మొదటి మెట్టు.

మూత్రపిండాల వ్యాధి దీర్ఘకాలికమని తేల్చడానికి కూడా వైద్యశాస్త్రం పెట్టిన గడువు మూడు నెలలే కావడం గమనార్హం. ఒక్కసారి క్రియాటినిన్ పెరిగినంత మాత్రాన అది దీర్ఘకాల వ్యాధి కాదు. జ్వరం, విరేచనాలు, ఎండదెబ్బ, మందులు కూడా తాత్కాలికంగా పెంచగలవు. మూడు నెలలకు మించి అదే స్థితి కొనసాగితేనే ఆ పేరు పెడతారు. అంటే కోవిడ్ లేదా అనుమానిత జ్వరం తగ్గినప్పుడు ఒకసారి, మూడు నెలలు దాటిన తరువాత మరొకసారి రక్త, మూత్ర పరీక్షలు జరిపితే రెండు వ్యాధుల గడువూ ఒకే క్యాలెండరుపై పూర్తవుతుంది. ఇందుకు కొత్త భవనం గాని, కొత్త యంత్రం గాని అవసరం లేదు. ఉద్దానం ఆరోగ్య కేంద్రాలకు క్రియాటినిన్ పరీక్ష పరిచయమైన పనే.

కోవిడ్ స్వయంగా మూత్రపిండాలపై ప్రభావం చూపగలదన్న విషయం కూడా ఇక్కడ పరిగణించాలి. అమెరికా మాజీ సైనికుల ఆరోగ్య రికార్డులను పరిశీలించి 2021లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం, కోవిడ్ తీవ్రదశను దాటినవారిలో మూత్రపిండాల వడపోత శక్తి తగ్గే ప్రమాదం సోకనివారికంటే ఎక్కువని, ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రానివారిలోనూ కొంత పెరుగుదల ఉన్నదని తెలిపింది. అలాగని ఉద్దానంలో 2020 తరువాత బయటపడిన ప్రతి మూత్రపిండ వ్యాధినీ కోవిడ్ ఖాతాలో వేయరాదు. పాత క్రియాటినిన్ విలువ తెలియకుండా "కోవిడ్ వల్లనే మూత్రపిండాలు చెడినవి" అని వార్త రాయడం, పాత విలువ చూడకుండా అదే మాట కేసు షీటులో రాయడం రెండూ సమానంగా తొందరపాటే.

బలం కోసం ఇచ్చే సలహాలు

కోవిడ్ నుంచి కోలుకుంటున్నవారికి సాధారణంగా ఇచ్చే సలహాలు అందరికీ తెలిసినవే. గుడ్లు, మాంసం, పప్పులు బాగా తినాలి. కొబ్బరి నీళ్లు, పండ్ల రసాలు తాగాలి. జీడిపప్పు, బాదం తీసుకోవాలి. కోవిడ్ కేంద్రాల భోజన పట్టికలలో కూడా గుడ్లు, ఎండు ఫలాలు చోటు చేసుకున్నవి. మూత్రపిండాలు సక్రమంగా పనిచేసే వ్యక్తికి ఈ సలహాలలో తప్పు లేదు.

మూత్రపిండాల వ్యాధి ముదిరిన వ్యక్తి విషయం వేరు. కొబ్బరి నీటిలో పొటాషియం అధికం. దెబ్బతిన్న మూత్రపిండాలు దానిని విసర్జించలేకపోతే రక్తంలో పేరుకుని గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. జీడిపప్పులో ఫాస్ఫరస్, పొటాషియం రెండూ ఉంటాయి. డయాలసిస్ దశకు చేరని రోగికి మాంసకృత్తుల మోతాదును వైద్యుడు నిర్ణయించవలసి ఉంటుంది. రోగనిరోధక శక్తి పేరుతో మోతాదుకు మించి వాడిన విటమిన్-సి శరీరంలో ఆక్సలేటుగా మారి మూత్రపిండాలకు హాని కలిగించిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదైనవి. కొబ్బరి, జీడి పెరట్లోనే పండే ప్రాంతంలో, చుట్టపుచూపుగా వచ్చినవారు కూడా బొండం కొట్టి ఇచ్చే ప్రాంతంలో ఈ సంగతి ఆశా కార్యకర్త నోట రావలసి ఉన్నది. ఒక ఇంట్లో ఒకరికి ఔషధమైనది పక్క మంచంలోని మరొకరికి అపాయం కావచ్చునని చెప్పడం సులభం కాదు. కాని చెప్పక తప్పదు.

లాంగ్ కోవిడ్‌లో తరచుగా కనిపించే మరొక స్థితిలో పడుకున్న వ్యక్తి లేచి నిలబడినప్పుడు గుండె వేగం అసాధారణంగా పెరిగి కళ్లు తిరుగుతాయి. ఇటువంటివారికి నీరు, ఉప్పు ఎక్కువగా తీసుకోవాలని సూచించడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. రక్తపోటుతో, కాళ్ల వాపుతో ఉన్న మూత్రపిండ రోగికి ఇదే సూచన తీవ్ర హాని చేయగలదు. ఆయాసం పెరిగి అతడు ఆసుపత్రికి రావలసివస్తే, దానిని మళ్లీ కోవిడ్ ఆయాసంగా భావించే ప్రమాదమూ లేకపోలేదు.

వీటన్నిటికంటే పెద్దది నొప్పి మాత్రల సమస్య. కోవిడ్ తరువాత కండరాల నొప్పి, కీళ్ల నొప్పి, తలనొప్పి దీర్ఘకాలం వేధించడం సాధారణం. కొబ్బరి చెట్టు ఎక్కేవారు, వల లాగేవారు, పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలలో రోజంతా కూర్చుని పప్పు ఒలిచే మహిళలు నొప్పి తగ్గితేనే మరునాడు పనికి వెళ్లగలరు. ఊరిలో దొరికే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వారికి ఆ పూటకు ఉపశమనం ఇస్తాయి. ఎండలో చెమటోడ్చి శరీరంలో నీరు తగ్గిన స్థితిలో ఇవే మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఉద్దానం వ్యాధికి అనుమానిత కారణాల జాబితాలో ఉన్న ఒక అలవాటుకు కోవిడ్ మరొక అవసరం జోడించినట్లయింది. మందుల దుకాణాలకు, గ్రామాలలో వైద్యం చేసే ప్రైవేటు వ్యక్తులకు ఈ విషయం ప్రత్యేకంగా తెలియజేయడం ఇంటింటి సర్వేతో సమానమైన పని.

పరీక్షల వరుస

పై కారణాల వల్ల మందస వంటి మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే మొదటి వడపోత జరగాలి. క్రియాటినిన్, దాని నుంచి లెక్కించే వడపోత రేటు, మూత్రంలో ఆల్బుమిన్, హిమోగ్లోబిన్, రక్తంలో చక్కెర, రక్తపోటు ఇందులో ముందు వస్తాయి. కోవిడ్ చికిత్సలో స్టెరాయిడ్లు వాడినవారిలో మధుమేహం బయటపడిన సందర్భాలు ఉన్నందున చక్కెర పరీక్షను వదలరాదు. దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష తప్పనిసరి. మహేంద్రగిరి పాదంలోని సవర గూడేలలో రక్తహీనతతో పాటు సికిల్ సెల్ వ్యాధిని కూడా దృష్టిలో ఉంచుకోవాలి. 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఇందుకు వీలున్నది. ప్రశ్నావళి తెలుగులో మాత్రమే ఉంటే గూడేలలో సవర భాషలోను, సరిహద్దు గ్రామాలలో ఒడియాలోను అడిగేవారు అవసరమవుతారు. "నీరసం" అన్న ఒక్క మాటలో ఆయాసం, బలహీనత, దిగులు మూడూ ఇమిడిపోతున్నందున ఇది అలంకారప్రాయమైన సూచన కాదు.

క్రియాటినిన్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. అది కండరాల నుంచి పుట్టే పదార్థం. నెలల తరబడి మంచంపట్టి చిక్కిపోయిన వ్యక్తిలో కండరం తగ్గినందున క్రియాటినిన్ సాధారణంగా కనిపించి, వాస్తవంలో మూత్రపిండాల పనితీరు తగ్గి ఉండవచ్చు. ఇటువంటివారికి మూత్రంలోని ఆల్బుమిన్ పరీక్ష మరింత ముఖ్యం. అనుమానం ఉంటే పలాస కేంద్రానికి పంపి సిస్టాటిన్-సి వంటి పరీక్ష చేయించడం ఉచితం.

ఇవి సాధారణంగా ఉండి లక్షణాలు కొనసాగుతున్నప్పుడు రెండవ దశ మొదలవుతుంది. ఈ దశకు ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. కోవిడ్ కాలంలో పల్లెపల్లెకు చేరిన ఆక్సీమీటరు, ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. నిమిషం పాటు కుర్చీలో కూర్చుని లేవమని చెప్పి ఆక్సిజన్ శాతం ఏమేరకు పడిపోతున్నదో చూడడం, పడుకోబెట్టి నాడి లెక్కించి, నిలబెట్టి పది నిమిషాల తరువాత మళ్లీ లెక్కించడం ఇందులో ముఖ్యమైనవి. పెద్దలలో నాడి 30కి మించి పెరిగితే నిపుణునికి చూపాలి. శ్రమించిన మరునాడో మూడవనాడో నీరసం రెట్టింపు అవుతున్నదా అన్న ప్రశ్న అన్నిటికంటే విలువైనది. అవునన్నవారికి "నడక పెంచండి, అలవాటవుతుంది" అన్న సలహా పనికిరాదు. పనిని చిన్న భాగాలుగా విభజించుకుని, అలసట రాకముందే విశ్రమించే పద్ధతి నేర్పాలి. దినకూలి మీద బతికే కుటుంబంలో ఈ సలహా ఎంతవరకు ఆచరణ సాధ్యమన్న ప్రశ్న మాత్రం వైద్యుని పరిధి దాటినది.

ఊపిరితిత్తుల సమస్య తేలినవారిని శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి, అవసరమైతే సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికి పంపవలసి ఉంటుంది. ప్రతి చిన్న సందేహానికి ఈ ప్రయాణం పెట్టడం ఆయాసంతో ఉన్న రోగికి శిక్షతో సమానం గనుక ఈ-సంజీవని దూరవైద్యం ద్వారా నిపుణుల సలహా ముందుగా తీసుకోవడం మేలు. నిద్రలేమి, దిగులు ఉన్నవారికి 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలి మానస్ 14416 ఫోన్ సేవ ఉన్నది. అయితే ఈ సంఖ్యను ఇవ్వడంలోనే "నీ జబ్బు మనసుదే" అన్న భావం కలగకుండా చూడాలి. శారీరక పరీక్షలు పూర్తిచేయకుండా ఆ మాట అనడం వల్ల రోగి తిరిగి ఆరోగ్య కేంద్రం గడప తొక్కడు.

సహాయం ఎక్కడ ఆగుతున్నది

చికిత్స ఖర్చు విషయంలో రాష్ట్రం ముందడుగు వేసింది. 2020 నవంబరులో శ్రీకాకుళం సహా ఆరు జిల్లాలకు విస్తరించిన ఆరోగ్యశ్రీ చికిత్సల జాబితాలో కోవిడ్ అనంతర చికిత్సకు చోటు లభించింది. 2021 మేలో బ్లాక్ ఫంగస్ చికిత్స కూడా చేరింది. 2024 నుంచి ఈ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా కొనసాగుతున్నది. ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరవలసినవారికి ఉద్దేశించినవి. లాంగ్ కోవిడ్ బాధితులలో అధికులు పడకపై చేరే స్థితిలో ఉండరు. పనిచేయలేని స్థితిలో ఉంటారు.

పని చేయలేకపోవడాన్ని గుర్తించే మార్గం వైకల్య ధ్రువీకరణ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో లాంగ్ కోవిడ్ లేదు. ఆ చట్టం నాటికి అసలు ఈ వ్యాధే లేదు. అమెరికా ప్రభుత్వం 2021 జూలైలో ఒక మార్గదర్శకం విడుదలచేసి, రోజువారీ జీవనానికి గణనీయంగా ఆటంకం కలిగించే పక్షంలో లాంగ్ కోవిడ్‌ను తమ చట్టం కింద వైకల్యంగా పరిగణించవచ్చునని స్పష్టం చేసింది. అక్కడ ప్రమాణం వ్యాధి పేరు కాదు, వ్యక్తి ఏ పని చేయలేకపోతున్నాడన్నది. ఉద్దానంలో పింఛనుకు ప్రమాణం క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటడం వంటి కొలతలు. సాధారణ స్థాయికి, ఈ గీతకు నడుమ ఉన్న రోగి కూడా తోటపనికి వెళ్లలేకపోవచ్చు. అతనికి కోవిడ్ అనంతర లక్షణాలు తోడైనప్పుడు రెండు వ్యాధులు కలిసి అతనిని ఇంట కూర్చోబెట్టినా, ఏ ఒక్కటీ విడిగా గీత దాటకపోతే కాగితంపై అతడు ఆరోగ్యవంతుడే. ఉన్న పింఛను నియమాలను సడలించాలని దీని అర్థం కాదు. కొలత లేని వ్యాధికి పనిసామర్థ్యాన్నే కొలతగా తీసుకుని, నిర్ణీత కాలానికి, తిరిగి పరీక్షకు లోబడి ఇచ్చే తాత్కాలిక ధ్రువీకరణ ఒకటి పరిశీలించదగినది. లాంగ్ కోవిడ్ లక్షణాలు చాలామందిలో కాలక్రమేణా తగ్గుతున్నందున శాశ్వత ధ్రువీకరణ కంటే ఇదే సముచితం.

2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన ఏడాదిన్నరకే కోవిడ్ వచ్చింది. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ నడిమి కాలంలో కుటుంబాన్ని నడిపినది వలస కూలి, జీడి పరిశ్రమ కూలి. ఈ రెండూ ఒంటి బలం మీద ఆధారపడినవే గనుక ఇక్కడ నీరసం వైద్య విషయంతో పాటు ఆర్థిక విషయం కూడా అవుతున్నది.

ఆచరణలో ముందుగా ఎదురయ్యే ఇబ్బంది కూడా వలసతోనే ముడిపడి ఉన్నది. జ్వరం తగ్గి, మొదటి రక్తపరీక్ష చేయించుకున్న కూలీ మూడు నెలలు గ్రామంలో ఉండడు. నెల తిరగకముందే మందస రోడ్డు స్టేషనులోనో పలాసలోనో రైలెక్కుతాడు. రెండవ పరీక్ష గడువు వచ్చేనాటికి అతడు మరో రాష్ట్రంలో ఉంటాడు. మొదటి పరీక్షలోని క్రియాటినిన్ విలువ, మూత్ర పరీక్ష ఫలితం, జ్వరం వచ్చిన తేదీ, రెండవ పరీక్ష జరగవలసిన తేదీ రాసిన చీటీ అతని చేతికి ఇచ్చి, అవే వివరాలను ఆభా ఆరోగ్య ఖాతాలో నమోదు చేస్తే, అక్కడి వైద్యుడు మొదటి నుంచి మొదలుపెట్టవలసిన పని ఉండదు. ఆ చీటీలో వాడకూడని నొప్పి మాత్రల పేర్లు కూడా తెలుగులో రాయడానికి చోటు ఉన్నది.